చాయకు చీర పెట్టిన మనిషి

మా ఆయన కాలేయంలో, మా మాటలో కార్జంలో, గడ్డ ఉందని తెలిసిన రోజు డాక్టరమ్మ అన్నీ ఓపిగ్గా చెప్పింది. గడ్డ చిన్నదైతే కోసి తీసేస్తారట, లేదా సూది గుచ్చి కాలుస్తారట. అది దాటితే తొడ దగ్గరి నరంలోంచి మందు పంపుతారట. ఇంకా ముదిరితే బిళ్లలు, సెలైన్లలో ఎక్కించే మందులు. ఆ తర్వాత నొప్పి తగ్గించడమే. ఈయన గడ్డ చిన్నదే. కానీ కార్జమంతా అప్పటికే గట్టిపడింది, కోస్తే మిగిలింది పనిచేయదు. "ఇంట్లోవాళ్లు ఎవరైనా ముక్క ఇస్తే కొత్తది పెట్టొచ్చు. ఇచ్చినవాళ్లకు మళ్లీ పెరుగుతుంది," అంది.

నా వయసు పనికిరాదన్నారు. తుక్కుగూడకు ఇచ్చిన మా ఒక్క బిడ్డ పరీక్షలు చేయించుకుంది. కుదిరింది. అల్లుడూ సరేనన్నాడు. ఈయనే మొండికేశాడు.

"ఆడపిల్లకు పెట్టాలె గని, ఆడపిల్ల తాన తీసుకోవద్దు. దానింట్ల చాయ తాగితే చీరె పెట్టొచ్చినోణ్ణి. ఇగ దాని కడుపు కోపియ్యాల్నా?"

"చాయకు చీరె పెట్టినవ్, దీనికి పట్టుచీరె పెట్టు బాపు," అంది బిడ్డ.

"సచ్చి ఎవలకు పెడ్తవయ్యా?" అన్నాను నేను. ఇంటి మీంచి విమానం పోతోంది. ఆ మోతలోనే లేచి బయటికి పోయాడు.

చలికాలంలో నరంలోంచి మందు పంపారు. ఇది గడ్డను కొన్నాళ్లు ఆపుతుందంతే, తొందరగా తేల్చుకోండి అంది డాక్టరమ్మ. ఎండలు ముదిరాక గానీ ఆయన నోరు విప్పలేదు.

"నాకు బయమైతుంది. బిడ్డకు ఫోన్ చెయ్యి."

చేశాను. మళ్లీ స్కానింగ్ తీశారు. గడ్డ పెద్ద రక్తనాళంలోకి పాకింది. ఇప్పుడు కొత్తది పెట్టినా అందులోనూ వస్తుంది, పెట్టరు. బిళ్లలు రాశారు. వాటికి అరచేతులు పొక్కాయి. కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు చేరాక అవీ మాన్పించారు.

ఖాళీ గదిలో లైటు వెలిగితే ఊరుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఆయన దగ్గర పట్టపగలు వెలుగుతున్నా ఆర్పను.

బిడ్డ మా ఇంట్లోనే ఉంటోంది. నొప్పి మందు ఆమె చేత్తోనే పోస్తుంది. మొన్న ఆ మందు మింగి, "ఏమే, బీరువల చీరె ఉన్నదా?" అని నన్నడిగాడు. తెచ్చిచ్చాను. బిడ్డ తన కొంగు చాచి పట్టింది. ఆయన చేతుల్లో చీర లేవలేదు. కింద నా చెయ్యి పెట్టి ఎత్తాను.