ఇసకయ్య గాటు

ఆ గోల్ఫు మైదానంలో ఇసకయ్య ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. అది ఆయన అసలు పేరు కాదు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉండేది, అక్కడే ఉండిపోయింది. చేతిలో ఎప్పుడూ ఇసక బకెట్టు ఉంటుంది కాబట్టి ఎవరో మెంబరు సరదాకి అలా పిలిచాడు. పెద్దవాళ్ళ సరదా కదా, ఊరికే పోతుందా? చివరికి సొంత బావమరిది కూడా అదే పేరుతో పిలవడం మొదలుపెట్టాడు.

ఆయన పని చెప్పడానికి తేలిక. గోల్ఫు ఆడేవాడు కర్ర ఎత్తి కొడితే బంతితోపాటు అరచెయ్యంత గడ్డి పెళ్ళ కూడా లేచిపోతుంది. బంతి ఎగిరిన వైపు అందరూ చూస్తారు. పెళ్ళ లేచిన చోట పడ్డ గాటును చూసేవాడు ఒక్కడే. పొద్దున్నే, గడ్డి మీద తడి ఆరకముందే, ఇసకయ్య ప్రాక్టీసు మైదానంలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో గాటులో విత్తనాలు కలిపిన ఇసక పోసి, అరచేత్తో అదిమి, ముందుకు జరిగేవాడు. రోజుకు మూడు నాలుగు వందల గాట్లు. గాటు కనబడితే పూడ్చకుండా దాటడం ఆయన వల్ల అయ్యేది కాదు. రోడ్డు మీద చిన్న గుంట ఉన్నా కాలితో మట్టి లాగి పూడ్చిగానీ కదిలేవాడు కాదు. పక్కన నడుస్తున్న భార్య తల బాదుకునేది.

మొదటి రెండేళ్ళు ఆయనకు గాటంటే గాటే. మూడో ఏడు తేడాలు కనబడసాగాయి. కొన్ని లోతుగా, ఎడమకు వాలి ఉండేవి. కొన్ని సూటిగా, పలచగా, పొడుగ్గా ఉండేవి, అవి బంతి పెట్టిన చోటు దాటాకే మొదలయ్యేవి. ఏది ఎవరిదో తెలుసుకోవాలనిపించి మధ్యాహ్నాలు పనిముట్ల షెడ్డు పక్కన నిలబడి కొట్టేవాళ్ళను చూసేవాడు. బంతిని కాదు, చేతుల్ని. వంకర గాటు పెట్టేవాళ్ళ చేతులు భుజం మీదినుంచి దిగుతూనే బంతి మీదికి ఎగబడేవి. సూటి గాటు పెట్టే ఆ నలుగురైదుగురి చేతులు అసలు బంతి జోలికే పోయేవి కావు. కుడి తొడ పక్కకు జారి, కర్ర బంతికి తగలకముందే ఎడమకు, ఒంటివైపు మళ్ళేవి. చేతులు అలా మళ్ళినప్పుడే కర్ర తల బయటికి విసురుగా పోయి బంతిని లేపుకుపోయేది.

ఇది ఆయనకు తెలియని సంగతి కాదు. యంత్రాలు రాకముందు కంచె పొడుగునా గడ్డిని పొడుగు పిడి కొడవలితోనే కోసేవాడు. గడ్డి మీదికి చేతులు చాచిన రోజు నడుం విరిగేది తప్ప గడ్డి తెగేది కాదు. చేతుల్ని ఒంటికి దగ్గరగా తిప్పిన రోజు కొడవలి తన పని తాను చూసుకునేది.

అలా ఏడేళ్ళు చూశాక ఓ ఆదివారం ఇదంతా భార్యకు ఇంట్లో నేల తుడిచే కర్రతో చూపించాడు. ఆవిడ ఆసుపత్రి వార్డుల్లో నేలలు తుడుస్తుంది. ఒక్క నిమిషం చూసి కర్ర లాక్కుంది.

"ఓస్, ఇంతేనా? చేతులు ఇంటికి, కర్ర ఊరికి! రోజూ నేను చేసే పనేగా. దీనికి మీ మెంబర్లు బూట్లూ టోపీలూ పెట్టుకోవాలా?" అంది.

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, మర్నాడు గాట్లు పూడుస్తూ పదిసార్లు అనుకున్నాడు.

ఆ తర్వాతి ఏడు కొత్త కోచ్ వచ్చాడు. చదువుకున్నవాడే, సర్టిఫికెట్లు ఉన్నవాడే. కానీ క్లబ్బు ప్రెసిడెంటు కొట్టే ప్రతి బంతీ గిర్రున కుడికి తిరిగిపోతుంటే ఏం చేయాలో పాలుపోలేదు. నెల తిరిగేలోగా దాన్ని సరిచేయకపోతే పెట్టె సర్దుకోవాల్సిందేనని సెక్రటరీ తేల్చి చెప్పాడు. మొహం వేలాడేసుకుని షెడ్డు మెట్ల మీద కూర్చున్న కోచ్‌ను చూసి ఇసకయ్య జాలిపడ్డాడు. ఆ జాలే కొంప ముంచింది. కోచ్‌ను వెంటబెట్టుకుని వెళ్ళి ప్రెసిడెంటు పెట్టిన గాట్లు చూపించాడు, బాగా కొట్టేవాళ్ళ గాట్లు చూపించాడు, చేతులు ఎక్కడ మళ్ళాలో కొడవలి పిడి పట్టుకుని చూపించాడు. చివర్లో భార్య అన్న మాట కూడా చెప్పాడు.

వారం తిరక్కుండా ప్రెసిడెంటు బంతి సూటిగా పోయింది. "మామయ్యా, నువ్వు లేకపోతే నా బతుకు రోడ్డు మీద పడేది," అని కోచ్ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆ నీళ్ళు నిజమైనవే. అందుకే తర్వాత జరిగింది మరీ చేదుగా ఉంటుంది.

మొదటి ఏడాది కోచ్ తన క్లాసుల్లో "మా మామయ్య చెప్పాడు" అనేవాడు. మూడో ఏటికి అది "ఇక్కడ పాతవాళ్ళు చెప్పుకునేవారు" అయింది. ఐదో ఏటికి "నేను గమనించిందేమిటంటే" అయింది. పదో ఏట ప్రాక్టీసు మైదానం గోడకు తలుపంత బోర్డు వేలాడదీశారు. దాని మీద చేతులు కట్టుకుని నవ్వుతున్న కోచ్ బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో "చేతులు ఇంటికి, కర్ర ఊరికి", దాని కింద కోచ్ పేరు. అప్పటికి ఇసకయ్య మామయ్య కూడా కాదు, అందరికీ లాగే కోచ్‌కూ ఇసకయ్యే.

ఇంతా చేసి కోచ్‌కు ఆ దెబ్బ కొట్టడం రాలేదు. చెప్పడం వచ్చింది. ఆయన గాట్లు ఈనాటికీ ఎడమకే వాలతాయి. ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే, వాటిని పొద్దున్నే పూడ్చేసేవాడు.

బోర్డు సంగతి విన్న రోజు భార్య అన్నం ముందునుంచి లేచిపోయింది. "నేల తుడుస్తూ నేనన్న మాట అది! తన బొమ్మ కింద ఎలా పెట్టుకున్నాడు? మీకు నోట్లో నాలుక లేదా?" అంది. సమయం రావాలి అన్నాడు ఇసకయ్య. సమయం వచ్చేసరికి ఇంకో పదేళ్ళు పట్టింది.

ఆ క్లబ్బులో పనివాళ్ళు కర్ర పట్టుకోకూడదు. ఒక్క రిటైరయ్యే రోజు మాత్రం సాయంత్రం మెంబర్లందరి ముందు ఒక్క బంతి కొట్టనిస్తారు. దాన్ని గౌరవం అంటారు గానీ అసలు సంగతి నవ్వుకోవడమే. వంటాయన కొట్టినప్పుడు కర్ర చేయి జారి పూలకుండీ పగిలింది. కాపలా ఆయన మూడుసార్లు గాలిని కొట్టాడు. మెంబర్లు ఆ కథలు ఇప్పటికీ చెప్పుకుని మురిసిపోతుంటారు. బంతి కొట్టాక రెండు మాటలు మాట్లాడమంటారు, తర్వాత టీ.

"ఆ రెండు మాటల్లో చెప్పండి," అంది భార్య. "ఎవర్నీ తిట్టక్కర్లేదు. ఇది నేను గాట్లు చూసి తెలుసుకున్నది, ఆ మాట మా ఆవిడ అన్నది. అంతే. ముందు బంతి సరిగ్గా కొట్టండి, అప్పుడు ఎవరూ నవ్వరు, వింటారు."

"చెప్తాలే."

"లే కాదు."

"చెప్తాను."

నెల రోజులు వంటింటికీ ముందుగదికీ మధ్య ఉన్న సందులో నేల తుడిచే కర్రతో సాధన చేశాడు. భుజం పీకేది. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి, "చేతులు ఊరికి పోతున్నాయి, ఇంటికి రానివ్వండి," అని సరిదిద్దేది.

ఆ సాయంత్రం నలభైమంది దాకా పోగయ్యారు. కోచ్ స్వయంగా బంతి పెట్టాడు. "ముందు నేను కొట్టి చూపిస్తా, చూసి నేర్చుకో," అని ఒకటి కొట్టాడు. ఎడమకు బయల్దేరిన బంతి కుడికి తిరిగి ఎలాగో మధ్యలో పడింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఇసకయ్య మాత్రం గాటు చూశాడు. లోతుగా, ఎడమకు వాలి ఉంది.

జానెడు దూరంలో ఇంకో బంతి పెట్టి కర్ర చేతికిచ్చారు. అప్పటికే కొందరు నవ్వు మొహాలు సిద్ధం చేసుకున్నారు. ఆయన కర్ర ఎత్తాడు. చేతులు తొడ పక్కకు జారాయి, ఒంటివైపు మళ్ళాయి. చప్పుడు పొడిగా వినబడింది. బంతి సూటిగా లేచి, దూరంగా ఉన్న జెండా పక్కన పడింది. ఎవరూ నవ్వలేదు.

ముందు తేరుకున్నవాడు కోచ్. మైకు అందుకుని, "చూశారా! ఇరవై ఏళ్ళు నా క్లాసులు పక్కనుంచి వింటే ఇసక పోసేవాడికి కూడా వచ్చేసింది! ఇంకా మీకు రావట్లేదంటే నన్నేం చేయమంటారు?" అన్నాడు. నవ్వులు, చప్పట్లు మోగిపోయాయి. అవన్నీ కోచ్‌కే.

"రెండు మాటలు మాట్లాడు ఇసకయ్యా," అన్నాడు సెక్రటరీ.

ఇసకయ్య మైకు పట్టుకుని కోచ్ వైపు చూశాడు. కోచ్ నవ్వుతూనే ఉన్నాడు గానీ కళ్ళలో భయం ఉంది. ఎక్కడ చెప్పేస్తాడోనన్న భయం. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఎవరికీ రాదు.

"అంతా సార్ దయండీ," అన్నాడు ఇసకయ్య.

ఎంత అణకువ అని మెంబర్లు మెచ్చుకున్నారు. అది అణకువ కాదు, పాడు అలవాటు. ముప్పై ఒక్క ఏళ్ళు వంగిన మెడ ఒక్క నిమిషం కోసం నిలబడలేకపోయింది. వినేవాళ్ళకు ఒళ్ళు మండొచ్చు. ఆయనకూ మండింది, కాకపోతే పది నిమిషాలు ఆలస్యంగా, అందరూ టీకి వెళ్ళిపోయాక.

అప్పుడు గుర్తొచ్చింది, రెండు గాట్లూ పక్కపక్కనే ఉన్నాయని. నోరు చెప్పలేనిది అవి చెబుతాయి. ఎవరి చేతులకు దారి తెలుసో సెక్రటరీ తన కళ్ళతో చూస్తాడు. బల్లలు సర్దుతున్న మనిషితో "సెక్రటరీ గారిని ఒక్కసారి ఇటు రమ్మను," అని కబురుపెట్టి, తను వెళ్ళి గాట్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాడు: అయ్యా, ఇది ఆయనది, ఇది నాది, తేడా చూడండి. పొద్దున తెచ్చిన బకెట్టు అక్కడే ఉంది.

"ఏంటి ఇసకయ్యా, పిలిచావట?" అంటూ సెక్రటరీ టీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు.

ఇసకయ్య చూపిద్దామని కిందికి చూశాడు. నేల చదునుగా ఉంది. అరచేతులకు తడి ఇసక అంటుకుని ఉంది.

"ఏం లేదండీ. వెళ్ళొస్తానని చెబుదామని."

ఇంట్లో భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. "చెప్పారా?" అంది.

"నోరు రాలేదు. గాట్లు చూపిద్దామనుకున్నా. ఆయనదీ నాదీ పక్కపక్కనే ఉన్నాయి."

"చూపించారా?"

"పూడ్చేశాను."

"రెండూనా?" అంది ఆవిడ.

"రెండూ," అన్నాడు ఇసకయ్య. "ఆయనదే ముందు."