లెక్కలోకి ఎక్కని బంతులు

2009 వేసవిలో ఒక ఉదయం మా కిరణ్ కాఫీ కప్పును ఎడమచేత్తో ఎత్తాడు. భూమి గిర్రున తిరగడం ఆగిపోయినట్టయింది నాకు. వాడి కుడిచెయ్యి మామూలు చెయ్యా? అమెరికాలో, ఈ క్యారీ ఊళ్ళో మేమంతా కలిసి కట్టుకున్న కోట అది!

వాడు బేస్‌బాల్‌లో, పెద్ద లీగ్‌కి కింది మెట్టైన మైనర్ లీగ్‌లో రిలీఫ్ పిచ్చర్. ఆట మొదలుపెట్టిన పిచ్చర్ అలిసిపోతే వచ్చి బంతులు వేసేవాడన్నమాట. అంతవరకూ బుల్‌పెన్ అనే కంచె వెనక కూర్చుని, కోచ్ పిలుపుగా అక్కడి ఫోన్ మోగితే లేచి చెయ్యి వేడెక్కించుకోవాలి.

"ఏరా, నొప్పా?"

"జస్ట్ టైట్‌గా ఉంది నాన్నా. ట్రైనర్‌కి చెప్పొద్దు. తెలిస్తే నన్ను రిలీజ్ చేస్తారు."

రిలీజ్ అంటే ఉద్యోగం ఊడటం. చెప్పలేదు. రోజుకో గంగాళం నువ్వులనూనె మాత్రం పట్టించాను.

"అది మోచెయ్యా, గుత్తివంకాయా? అంత నూనె పోస్తున్నారు!" అంది నా భార్య సుజాత.

నెల తిరక్కుండా, ఆట మధ్యలో మోచేతిలో ఏదో టప్పుమంది. MRI తీశారు.

"UCL complete tear. మోచేతి ఎముకల్ని పట్టి ఉంచే కట్టు పూర్తిగా తెగింది. ఈ సీజన్‌లో ఎన్ని బంతులు వేశావు?" అన్నాడు డాక్టర్. వీడు ఆటల్లో వేసిన లెక్క చెప్పాడు. "బుల్‌పెన్‌లో వేసినవి?"

అవి వీడూ లెక్కపెట్టలేదు. ఫోన్ మోగితే లేచి పాతిక వేసి, అక్కర్లేదంటే కూర్చుని, మళ్ళీ మోగితే మళ్ళీ పాతిక. అవి ఏ పుస్తకంలోకీ ఎక్కవు.

మణికట్టు నుంచి tendon, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది, తీసి మోచేతికి కట్టారు. పైన వంగని brace. ఇరవై మూడేళ్ళ వాడికి ముద్దలు కలిపి పెట్టాం. కిటికీ దగ్గర కూర్చుని, "బుల్‌పెన్‌లో అయితే ఫోన్ అయినా మోగేది నాన్నా," అన్నాడు ఒకసారి. నాకు హాస్యం తోచని రోజు అదొక్కటే.

Physical therapy సాగుతుండగా తొమ్మిదో నెలలో చిటికెనవేలు మొద్దుబారింది. మర్నాడే టీమ్ వాళ్ళ పరీక్ష.

"ప్లీజ్ నాన్నా, ఈ ఒక్కసారి చెప్పకు."

ఈసారి నేను డాక్టర్‌కి చెప్పేశాను. "చిటికెనవేలికి వెళ్ళే నరం, ulnar nerve, మోచేతి దగ్గర నలుగుతోంది. ఇలాగే విసిరితే చేతిలో పట్టు పోతుంది," అన్నాడాయన. ఇంకో ఆపరేషన్ చేశారు. టీమ్ వాడిని రిలీజ్ చేసింది. వాడు నాతో మాట్లాడటం మానేశాడు.

ఇప్పుడు 2015. వాడు హైస్కూల్ పిల్లలకు పిచ్చింగ్ కోచ్. చెయ్యి బాగానే ఉంది; చెయ్యి భుజం పైకెత్తి బంతి విసరడు, అంతే.

నేను చెప్పేది ఒక్కటే. నొప్పి దాచిపెట్టమని మీ వాళ్ళు బతిమాలితే ఒప్పుకోకండి, డాక్టర్‌కి చెప్పేయండి. అలుగుతారు, అలగనివ్వండి. మా వాడు మూడు వారాలకి నోరు తెరిచాడు.

"నాన్నా, పప్పులో ఉప్పు ఎక్కువైంది."