దేవుని కాడ పెట్టిన మాఫీ చిట్టీ

మా ఇంటికి ఏ కొత్త కాగితం వచ్చినా ముందుగాల దేవుని కాడికే పోతది. పెండ్లి పత్రిక గానీ, నూలు బిల్లు గానీ, పిల్లల మార్కుల కాగితం గానీ, నాలుగు మూలలకు పసుపు పెట్టి మార్కండేయ స్వామి పటం ముందర నిలబెట్టాలె. మరాఠీ మాట్లాడే ఈ ఊర్ల, భవాని పేట్ల ఉన్న మా తెలుగు నేతోళ్ళ గల్లీ మొత్తానిది ఇదే పద్ధతి. ఈ పద్ధతితోనే నేను ఒకసారి ఇంటి మీదికి ఆపద తెచ్చిన.

కుంఠా నాకా కాడి కార్ఖానాల నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, పెట్టనీకి మా ఆయన ఈ ఇల్లు పతసంస్థల, అంటే అప్పులిచ్చే సొసైటీల, కుదువ పెట్టి అప్పు తెచ్చిండు. తువ్వాళ్ళు నేసినం. కొన్నేండ్లు అవి అమ్ముడు పోయినయి, కొన్నేండ్లు మేమే ఒళ్ళు తుడుచుకున్నం. మిత్తి పెరిగి పెరిగి అసలును దాటింది. ఆఖరికి సంస్థోళ్ళే పిలిచి, అసలు కట్టుండ్రి, పేరుకపోయిన మిత్తి మాఫీ చేస్తమన్నరు. రెండు సాంచాలు అమ్మి కట్టినం. ఇంటి కాగితాలు తిరిగొచ్చినయి. వాటితోపాటు, మిత్తి మాఫీ అయిందని మరాఠీల రాసిన ఒక చిట్టీ.

ఇంటి కాగితాలు మా ఆయన బీరువాల పెట్టిండు. చిట్టీ నేను దేవుని ముందర పెట్టి, నలభై ఒక్క దినాలు కదిలియ్యనని మొక్కుకున్న. నేను బడికి పోలేదు. మా నాయిన మగ్గం పక్కన కూసోబెట్టి తెలుగు, మరాఠీ రెండూ నేర్పిండు, ఆయన పుణ్యం. పొద్దుగాల స్తోత్రం చదివి, దాని ఎంబడే ఆ చిట్టీ గూడ చదివేదాన్ని.

“మార్కండేయునికి యముని కాడ ఒక్కసారే మాఫీ దొరికింది, నువ్వు మనకు రోజూ ఇప్పిస్తున్నవు” అనెటోడు మా ఆయన.

ఆ దినాలల్లనే మా టాక్స్ లెక్కలు చూసే సారు ఫోన్ చేసి, ఈ ఏడాది కొత్త కాగితాలు ఏమన్న ఉన్నయా అని అడిగిండు. ఏం లేవన్నడు మా ఆయన. అబద్ధమని ఆయన అనుకోలే, నేనూ అనుకోలే. దేవుని కాడున్నది దేవునిదే గదా.

నలభై ఒకటో దినం సారును ప్రసాదానికి పిలిచినం. వచ్చి పటం ముందర చేతులు జోడించి నిలబడ్డడు. ఎంతకూ కదలడు. పెదవులు మాత్రం కదులుతున్నయి.

“చదువుకున్నోళ్ళకు గూడ ఎంత భక్తి చూడు” అన్నది మా అత్తమ్మ నా చెవుల.

సారు చిట్టీ చదువుతున్నడు.

“వదినా, ఇది మీ రాబడి” అన్నడు మెల్లగ.

“ఒక్క రూపాయి చేతికి రాలేదు సారూ. కట్టేది తప్పింది, అంతే.”

“ఆ తప్పిందే రాబడి. ఈ మిత్తిని ఏడాదికేడాది ఖర్చు కింద రాసుకున్నం గదా. కట్టకుండనే మాఫీ అయితే, ఆ ఖర్చు ఉత్తదే అయిందని సర్కారు దాన్ని రాబడిల కలుపుతది.”

“ఉపాసం ఉన్నోనికి భోజనం బిల్లు ఏసినట్టున్నది” అన్నడు మా ఆయన.

టాక్స్ ఎంతయితదో పాత ఫైళ్ళు చూస్తే గానీ తెల్వదన్నడు సారు. మా చేతిల పైసలు లేవు. ఉన్న రెండు సాంచాలు అమ్మితే తినేదెట్ల? మళ్ళ ఇల్లే కుదువకు పోవాలె. అత్తమ్మ ఆలోచన చేసి, “ఆ చిట్టీ ఇంకొన్ని దినాలు దేవుని కాడనే ఉంటే సర్కారుకు కనపడదు గదా” అన్నది.

“సంస్థోళ్ళ దఫ్తర్ల గూడ ఉంటది అవ్వా” అన్నడు సారు, ప్రసాదం తినుకుంట.

సారు వచ్చినందుకు నేను దేవునికి దండం పెట్టుకున్న. లెక్కలిచ్చే గడువు దాటినంక తెలిస్తే జుర్మానా గూడ పడేది.

“ముంచెటోనికి గూడ దండం పెడతది ఈమె” అన్నడు మా ఆయన.

మూడు దినాలు ఎవరికీ సరిగ్గ అన్నం పోలే. నాలుగో దినం హోట్గి రోడ్డు మీద ఉన్న సారు ఆఫీసుకు ఇద్దరం పోయినం. సారు పాత ఫైలు ముందర పెట్టుకోని నవ్వుతున్నడు. తువ్వాళ్ళు అమ్ముడు పోని ఏండ్లల్ల మాకొచ్చిన నష్టాన్ని టైముకు రాసి సర్కారుకు చూపిచ్చిండట. అది ఇంకా వాడుకోకుండ పడి ఉన్నదట. మాఫీ రాబడిలకెళ్ళి ఆ నష్టం తీసేస్తే, టాక్స్ కట్టేదేమీ మిగలలేదు.

ఆ ఏండ్లల్ల నేను దేవుని మీద అలిగి దీపం పెట్టని దినాలున్నయి. ఆఫీసుల కూసున్నంక అవన్నీ యాదికొచ్చి సిగ్గయింది. నష్టం ఇచ్చినందుకు నేను ఎన్నడూ దండం పెట్టలే.

“ఇగ నష్టానికి గూడ ఒక కొబ్బరికాయ కొట్టు” అన్నడు మా ఆయన, మెట్లు దిగుకుంట.

కొట్టిన. నవ్వితే నవ్వనీ.

అత్తమ్మ కొబ్బరి ముక్క చేతిల పట్టుకోని అడిగింది, “ఇల్లు మనదే గదా?”

“మనదే అత్తమ్మా.”

“ఆ నష్టం ఇంకేమన్న మిగిలిందా?”

“మొత్తం అయిపోయిందట.”

ఆమె నిజంగనే బాధపడ్డది. “కొంచెం దాచుకోవద్దా, రేపటి అక్కెరకు.”