గాలి దారిలో నెమ్మదించే గుండెలు

భద్రాచలం వెళ్ళేవాళ్ళు కొత్తగూడెంలో టీ తాగి బస్సు మారతారు. ఎనభైల్లో ఒక వేసవిలో నేను అక్కడే దిగిపోయాను. హైదరాబాదు వైద్య కళాశాలలో మా విభాగానికి పెద్దగా కూర్చున్న ఆచార్యుడు, బొగ్గు గనిలో వేడి కార్మికులకు ఇబ్బందే కాదని, వాళ్ళ నాడి ప్రశాంతంగా ఉందని రాశాడు. ఆయన చదివినవన్నీ నేనూ చదివాను. ఆయన రాసింది మాత్రం నమ్మలేకపోయాను. నడుముకు కట్టుకుంటే గుండె కొట్టుకోవడాన్ని టేపు మీదికి ఎక్కించే పెట్టె ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

రాత్రి సత్తుపల్లిలో ఆగి, చండ్రుగొండ మీదుగా కొత్తగూడెం వెళ్ళే పొద్దుటి బస్సు ఎక్కాను. టిక్కెట్టు చవకే గానీ ప్రయాణం తెమలదు. కుదురుగా కూర్చోలేక పెట్టెను ఈ మోకాలి మీంచి ఆ మోకాలి మీదికి మారుస్తుంటే కండక్టర్ అడిగాడు:

"ఏంది సార్ గా డబ్బ? బాంబు గిట్ట కాదుగద?"

"గుండెను వినే మిషను."

"మా డ్రైవర్‌కు పెట్టుండ్రి సార్, ఉన్నదో లేదో తెలుస్తది!"

మర్నాడు ఉదయం షిఫ్టుతో గనిలోకి దిగాను. సమ్మయ్య అడవి పల్లె మనిషి, బొగ్గు ఎత్తి పట్టాల మీది టబ్బుల్లో నింపుతాడు. అతని ఛాతీకి తీగలు అంటిస్తే చెమటకు ప్లాస్టర్ ఊడిపోయింది. తోటి కార్మికుడు రాజం తన తువ్వాలుతో బిగించి కట్టాడు. వెంటనే సమ్మయ్య లేచి నడవసాగాడు.

"ఎక్కడికి?"

"చల్లగాలి దిగే దారి కాడికి సార్. నాడి చూసేటోళ్ళు వస్తే ముందుగాల్ల ఆడ కూసుంటం. మొన్నటి పెద్దసారుకు గట్లనే చూపిచ్చినం."

"ఎందుకలా?"

రాజం నవ్వాడు. "గుండె ఉరికితే అన్‌ఫిట్ అని పైకి తోలుతరు సార్. పైన గీ జీతం ఏడిది? పెద్దసారు గూడ ఆ సల్లదనానికి కునుకు తీసిండు!"

"పని చేస్తూ ఉంటే చూడాలి సమ్మయ్యా" అన్నాను.

"నా పేరు రాయనంటేనే."

మాటిచ్చాను; ఇక్కడ రాసిందీ అతని అసలు పేరు కాదు. టేపులో అతని గుండె పరుగు తీసింది. పార పక్కన పెట్టి ఆ వేడిలోనే కూర్చున్నా వేగం దిగిరాలేదు.

హైదరాబాదులో ఆచార్యుడు టేపు పక్కకు తోశాడు. "ఎవరిదయ్యా ఈ గుండె? పేరు లేకుండా ఎలా నమ్మేది?"

నేను చెప్పలేదు. ఆయన పుస్తకంలో ఆ ప్రశాంతమైన నాడే అచ్చయింది, దాని మీదే శాలువాలు కప్పించుకున్నాడు. గుండె ఉరికిన మనిషిని తీసెయ్యడం తెలిసినవాళ్ళకు, అది ఉరికే చోటికి గాలి పెట్టాలని తోచలేదు. సమ్మయ్య ఉద్యోగం నిలిచింది. ఆ వేడీ నిలిచింది.

ఆ వైపు వెళ్తే షిఫ్టు వదిలే వేళకు గని గేటు బయట టీ బండి దగ్గర నిలబడండి, మనుషులు అక్కడే నోరు విప్పుతారు. లోపల వేడిగా ఉందా అని మాత్రం అడగకండి. "మంచిగనే ఉంది సార్" అంటారు.