ఆరిపోయిన స్లైడ్

హైమవతి పని కణాలకు రంగు వేయడం. వసంత్ కుంజ్‌లో ఒక చిన్న ల్యాబ్. డాక్టరు ఛాయాదేవి రోగుల గడ్డల్లోంచి సూదితో తీసిన చుక్కను హైమవతి గాజు స్లైడ్ మీద పలచగా పూస్తుంది. తడి ఆరకముందే ఆల్కహాల్‌లో ముంచుతుంది. తర్వాత రంగు. కేంద్రకం నీలంగా తేలుతుంది.

కూతురు భవ్యశ్రీ పాఠంలో కణం నిండా బొమ్మలే. మైటోకాండ్రియా, రైబోజోములు, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఇవేవీ నీకు కనబడవా అని అడిగింది ఒకసారి. ఉంటాయి, మా మైక్రోస్కోపుకు అందవు, మేం కేంద్రకం మొహం చూసే మంచీ చెడూ పోల్చుకుంటాం అంది హైమవతి.

స్లైడ్ ఆరితే ఆ మొహం మారిపోతుంది. కేంద్రకం ఉబ్బి, మసకబారి, జబ్బుదానిలా కనబడుతుంది. కొత్తవాళ్ళకు ఆమె చెప్పే మొదటి మాట, ఆరనివ్వద్దని.

మే నెలలో గొలుసు పెట్టుకుంటుంటే హైమవతికే గొంతు దగ్గర గడ్డ తగిలింది. ఛాయాదేవి సూది వేసింది. నా చుక్క నేనే పూసుకుంటానని హైమవతి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పూసింది. కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. కంటికి ఏమీ కనబడదని తెలుసు. అయినా చూసింది. ఆ తర్వాతే ముంచింది.

మర్నాడు ఛాయాదేవి మైక్రోస్కోపు మీంచి చాలాసేపు తల ఎత్తలేదు. హైమవతి కూడా చూసింది. పెద్ద పెద్ద కేంద్రకాలు. అలాంటివి జబ్బున్నవాళ్ళ స్లైడ్లలో చూసి ఉంది. ముందు రోజులాగే ఆ రోజూ తన అన్నం డబ్బా మూత తీయలేదు.

"పూసినంక ఏం జేసినవ్?" అంది ఛాయాదేవి.

"వెలుతురుకి పట్టి చూశాను మేడమ్."

"ఈ ఎండల? అందరికీ పాఠం జెప్తవ్, నువ్వే ఆరబెట్టినవా?"

ఆరడం వల్ల ఉబ్బాయా, నిజంగానే ఉబ్బాయా, ఈ స్లైడ్ చెప్పలేదు. మళ్ళీ సూది వేయాలి.

"ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకొని కూసో."

రెండోసారి తీసిన చుక్కను కొత్తగా చేరిన గౌరి పూసింది. ఆర్.కె. పురంలో పుట్టిన తెలుగు పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. పూసిన చేత్తోనే ముంచేసి, "దీదీ, సూఖ్‌నే నహీ దియా," అంది. ఆరనివ్వకూడదన్న ఆ మాట హైమవతి నేర్పిందే. రంగు కూడా గౌరే వేసింది.

ఛాయాదేవి ఒక మూల నుంచి మరో మూలకు స్లైడ్ అంతా చూసింది. కుర్చీ వెనక్కి జరిపింది.

"మంచిగున్నయి. నువ్వే చూస్కో."

చిన్నవి. గుండ్రనివి. గసగసాలు చల్లినట్టు, అన్నీ ఒకే తీరు. ఇవి తనవి. కనబడనివి కూడా లోపల దేని పని అది చేసుకుంటూ ఉంటాయి అనుకుంది.

ఆకలి వేసింది. డబ్బా తెరిచింది. మామిడికాయ పప్పు చల్లారిపోయింది. గౌరి అడగకుండానే అందులో తన చెంచా పెట్టింది. ఛాయాదేవి కుర్చీ దగ్గరికి లాక్కుంది.