డీజే బండిలో సుంకమ్మ గొంతు

మా వదిన సుంకమ్మ ఏడిస్తే ఊరు ఏడుస్తుంది. ఇది ప్రేమ కొద్దీ అంటున్న మాట కాదు. మా ఇద్దరికీ పడని రోజులు చాలానే ఉన్నాయి, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు అలవాటు. నల్లమాడ చుట్టుపక్కల ఎవరింట్లో మనిషి పోయినా ముందు ఆమెకే కబురు వచ్చేది. చెనక్కాయ చేనులో కలుపు తీస్తున్నదల్లా కొంగు దులుపుకుని వెళ్లేది. పోయినవాళ్లు ఏం ఇష్టంగా తిన్నారు, ఏ గట్టు మీద నడిచారు, ఎవరిని తిట్టారు, అన్నీ కలిపి అల్లి, రాగం తీసి ఏడ్చేది. బండరాయిలాంటి అల్లుళ్లు కూడా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్లు.

ఆమెకు ఒక పద్ధతి ఉంది, వాళ్ల అవ్వ నేర్పింది. లెయ్యి లెయ్యి అని ఎంతసేపు బతిమలాడినా, పాడె ఎత్తే ముందు సాగనంపే మాట ఒకటి అని తీరాలి. "పోయిరా, దారి సల్లగుండాల" అని. ఆ మాట అనకపోతే, తమను ఇంకా పిలుస్తున్నారని పోయినవాళ్లు వెనక్కి తిరిగి చూస్తూనే ఉంటారట. ఇట్లాంటివి నేను అంతగా నమ్మను. మా వదిన మాత్రం దేవుణ్ణి నమ్మినట్టు నమ్ముతుంది.

తన సొంత కొడుక్కి ఆ మాట చెప్పలేకపోయింది. నిరుడు మా ఓబులేష్ బోరు దగ్గర స్టార్టర్ డబ్బా ముట్టుకుంటే కరెంటు కొట్టింది. పెళ్లీడుకు వచ్చిన పిల్లోడు, నాకు మేనల్లుడు. నట్టింట్లో పడుకోబెడితే, రోజూ పొద్దున లేపినట్టే లేపింది వదిన. "లెయ్యి నాయనా, పొద్దెక్కెనే" అని. ఇంకో మాట లేదు, అల్లిక లేదు. అట్లా పిలుస్తూ పిలుస్తూనే స్పృహ తప్పి పడిపోయింది. మేం నీళ్లు చల్లి లేపేసరికి పాడె ఊరు దాటిపోయింది. ఆ తర్వాత ఎవరి చావుకూ పోయి ఏడవలేదు. ఎవరైనా కబురు పంపితే "నా పనే సగంలో నిల్సిపోయుండాది, మీకేమి చేసేది" అని పంపించేసేది.

నల్లమాడ బస్టాండు దగ్గర నాది టిఫిన్ బండి. కొడుకు పోయినప్పటి నుంచి వదిన నాతోనే ఉంటోంది. నేను బజ్జీలు వేస్తుంటే ఆమె బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తుంది. మొన్న ఎండాకాలం ఒక సాయంత్రం పెళ్లి ఊరేగింపు మా ముందుకు వచ్చింది. డీజే బండి మోతకు నా గిన్నెల మీది మూతలు గలగలలాడాయి. మోత మీద ఎవడో కుర్రాడు ఊపిరి తీసుకోకుండా గబగబా ఏదో మాట్లాడుతున్నాడు. ఇదొక పాట, దీనికొక పెళ్లి అని గొణుక్కుంటున్నాను. అంతలో మోత ఆగింది. ఆడగొంతు ఒకటి వినిపించింది. "లెయ్యి నాయనా, పొద్దెక్కెనే." మళ్లీ మోత. మళ్లీ "లెయ్యి నాయనా, పొద్దెక్కెనే." కుర్రాళ్లందరూ చేతులు పైకెత్తి ఒక్కసారిగా ఎగిరారు.

నా చేతిలోని జల్లిగరిటె నూనెలో పడిపోయింది. ఆ గొంతు నాకు తెలియకపోవడమేమిటి, చావింట్లో పక్కన కూర్చుని విన్నదాన్ని. తిరిగి చూస్తే వదిన కొయ్యబారిపోయి ఉంది, చేతికి అంటిన బొరుగులు కూడా దులుపుకోలేదు. నోరు తెరిచి ఉంది, మాట రావడం లేదు. ఆమె నోరు మూగబోయి ఉంటే డీజే బాక్సుల్లో ఆమె గొంతు పిలుస్తోంది. నాకు బుద్ధి తెలిశాక అంతగా భయపడింది లేదు.

పరుగెత్తి పోయి డీజే పిల్లోడి చెయ్యి పట్టుకున్నాను.

"ఆపురా దాన్ని. యాడిదిరా ఈ పాట?"

"ర్యాప్ పాటక్కా. అందరూ ఇదే పెట్టమని అడుగుతాండారు" అన్నాడు వాడు. "నేనైతే ఫోన్లో అలారం కూడా ఇదే పెట్టుకున్న్యా" అని నొక్కి వినిపించాడు.

అలారం. శవం మీద పడి ఏడ్చిన ఏడుపును వీళ్లు పొద్దున్నే లేవడానికి పెట్టుకుంటున్నారు. బండి చక్రం పట్టుకుని కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

ఇంటికి వచ్చాక నేను తిట్టని తిట్టు లేదు. ఎగిరినవాళ్లను, పాడినవాణ్ణి, చావింట్లో ఫోన్ తీసి రికార్డు చేసిన పుణ్యాత్ముడెవడో వాణ్ణి, అందర్నీ వరసపెట్టి దులిపాను. వదిన ఒక్క మాట తిట్టలేదు.

"ఎగిరితే ఎగరనీలే గంగా" అంది. "నా కొడుకును పిలుస్తాండారు. ఊరూరా నా గొంతుతోనే లెయ్యి లెయ్యి అని పిలుస్తాండారు. వాడు ఎట్ల పోతాడు? దాన్ని ఆపించల్ల."

అందుకోసం ఆ పాటను నేను మొదటి నుంచి వినాల్సి వచ్చింది. మొదలు కాగానే పాడేవాడు తన పేరు, ఊరు, కాలనీతో సహా అరిచి చెప్పుకున్నాడు. గుంతకల్లు, రైల్వే కాలనీ, ఇమ్ము. దొంగతనం చేసి చిరునామా చెప్పి పోయే దొంగను నేను ఎక్కడా చూడలేదు. మర్నాడు బండి మూసేసి ఇద్దరం కదిరిలో రైలెక్కాం.

ఇమ్ము ఇల్లు ఎవరిని అడిగినా చూపించేట్టున్నారు. వాడి అసలు పేరు ఇమ్మానుయేల్. తండ్రి గ్యాంగ్‌మన్, పట్టాల పనికి పోయి ఉన్నాడు. తల్లి మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చింది. మెడలో గొలుసులు, కళ్లకు నల్లద్దాలు పెట్టుకున్న రౌడీ వస్తాడని నేను కాచుకుని ఉంటే, బక్కపలచటి పిల్లోడు బనీను మీద చొక్కా వేసుకుంటూ వచ్చాడు.

"పాట విని అంత దూరం నుంచి వచ్చినారా పెద్దమ్మా?" అని సంబరపడ్డాడు.

"పాటనా? శవం ముందర ఏడ్చింది నీకు పాటనారా?" అన్నాను. "ఆ గొంతు ఈమెది. సచ్చిపోయింది ఈమె కొడుకు."

చొక్కా గుండీ పెట్టుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"నేను మేలుకొలుపు అనుకున్న్యానక్కా" అన్నాడు చివరికి. "సీమ జానపదం అని ఫోన్లో ఎవురో పంపినారు. ఎవురో అమ్మ కొడుకును నిద్ర లేపుతాందని అనుకున్న్యా. పొద్దెక్కెనే అంటే మేలుకొలుపే కదా అనుకున్న్యా."

ఇంకో తిట్టు నోటి దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. వాడు అన్నదాంట్లో అబద్ధమేముంది? ఏ తల్లైనా రోజూ అనే మాటలే అవి. మా వదిన ఆ రోజు వేరే మాట వెతుక్కోలేదు.

వదిన నెమ్మదిగా అడిగింది. "ఒగరి గొంతు ఇంగొకరు ఎత్తుకునేది, ఇదేమి విద్యప్పా?"

ఇమ్ము నేల మీద కూర్చుని చెప్పాడు. ఇది అమెరికాలో పుట్టిన పాటట. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అని ఒక పేట, నల్లవాళ్లూ, బయటి దీవుల నుంచి వచ్చిన బీదవాళ్లూ ఉండే చోటు. యాభై ఏళ్ల కిందట అక్కడ పనులు పోయాయి, ఇళ్లు తగలబడ్డాయి, అడిగే నాథుడు లేడు. వాయిద్యాలు కొనే స్తోమత ఆ పిల్లలకు లేదు. పెద్దవాళ్ల పాత రికార్డులు మాత్రం ఉన్నాయి. రెండు రికార్డు మిషన్లు పక్కపక్కన పెట్టి, డోలు దరువు బాగున్న ముక్కనే తిప్పి తిప్పి వేసి, దాని మీద తమ కష్టం తాము చెప్పుకున్నారట. దాన్నే హిప్-హాప్ అన్నారు. కొట్టుకుని చచ్చే ముఠాలు కూడా కొన్ని కత్తులు పక్కన పెట్టి ఆటలో, మాటలో పందెం వేసుకున్నాయట.

"వీధిలో ఆడాలంటే కరెంటు ఉండదు కదక్కా. వీధి దీపం స్తంభం నుంచి వైరు లాగుతాండ్రి."

"మన మాదిరే కొక్కేలు ఏసినారన్నమాట" అన్నాను నేను, నోరు ఊరుకోక. అన్నాక గానీ తెలియలేదు. వదిన గోడ వైపు మొహం తిప్పుకుంది. కరెంటు మాట ఎత్తినందుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఇమ్ము తల దించుకునే మాట్లాడాడు. "మన యాస సినిమాలో వస్తే రౌడీకైనా పెడతారు, నవ్వేకైనా పెడతారు పెద్దమ్మా. దీంట్లో అట్ల కాదు. మనం మాట్లాడినట్లే మాట్లాడొచ్చు, అది ఇని అమెరికావోడైనా తల ఊపల్ల. వానలు లేవని పిల్లోళ్లు ఊర్లిడిసి పోతాండారు, పండుకున్నోళ్లను లేపల్ల అని రాసినా ఆ పాట. లేపే గొంతు అమ్మది అయితే బాగుంటాదని నీ గొంతు పెట్టినా. తప్పైపోయినాది."

"సరే నాయనా. ఇప్పుడు ఆపేయి" అంది వదిన.

వాడు వెంటనే ఫోన్ తీసి మా కళ్ల ముందే తన పాటను తీసేశాడు. నేను లేచి కొంగు దోపుకున్నాను, వచ్చిన పని అయిపోయిందని. వాడు మాత్రం లేవలేదు. తాను తీసేసినా పాట ఆగదని చెప్పాడు. ఎన్ని ఫోన్లలోకి, ఎన్ని డీజే బండ్లలోకి ఎక్కిందో వాడికే తెలియదు. ఎవరెవరో ముక్కలు చేసి వాళ్ల వీడియోలకు తగిలించుకున్నారు. వాటిని వెనక్కి తెప్పించడం ఎవరి తరమూ కాదట.

"ఎన్నాళ్లు పిలుస్తాది ఐతే?" అంది వదిన.

వాడు ఫోన్‌ను నేల మీద బోర్లా పెట్టేశాడు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత దూరం వచ్చి కూడా మేం చేయగలిగింది ఏమీ లేదు. వదిన లేచింది.

"మిగిలిపోయిన మాట నేను చెప్తా, మిషన్లో పట్టుకో" అంది.

పక్క గదిలో గోడలకు బొంతలు వేలాడదీసి ఉన్నాయి, బయటి రైళ్ల చప్పుడు రాకుండా. మైకు ముందు వదినను చాప మీద కూర్చోబెట్టాడు ఇమ్ము. ఆమె గొంతు సవరించుకుంది. మొదటి మాట కూడా రాలేదు. మళ్లీ ప్రయత్నించింది, రాలేదు. ఇమ్ము రికార్డు చేసే మిషన్ను ఆపాడు. వదిన బొంతల వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"గోడకు ఎట్ల చెప్పేది? ముందర మనిషి ఉండల్ల" అని ఇమ్ము వైపు తిరిగింది. "నువ్వు పండుకో నాయనా."

బతికున్న పిల్లోణ్ణి శవంలా పడుకోమనడం ఏ ఇంట్లో ఒప్పుకుంటారు? వాడి తల్లి గడప దాటి వచ్చేసింది.

"వొద్దమ్మా, నీకు దండం పెడతా. ఒక్కగానొక్కడు."

"నీ బిడ్డకు కాదులేమ్మా నేను చెప్పేది" అంది వదిన. "కావాలంటే చెయ్యి పట్టుకోని కూర్చో."

ఇమ్ము తల్లి మొహం చూశాడు, మా వదిన మొహం చూశాడు, చాప మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. తల్లి వాడి చేతిని తన రెండు చేతులతో పట్టుకుని పక్కన కూర్చుంది. వదిన వాడి జుట్టు పైకి దువ్వింది. ఏడాదిగా నేను వినని రాగం ఆమె గొంతులోంచి వచ్చింది.

"పోయిరా నాయనా, దారి సల్లగుండాల. ఎవురు పిలిచినా తిరిగి సూడొద్దు నాయనా. పెండ్లి బండ్లో పిలిచినా సూడొద్దు, ఫోన్లో పిలిచినా సూడొద్దు. మీయమ్మ గొంతుతో పిలిచినా నిలబడొద్దు. అది నేను కాదు నాయనా. నేను నిన్ను ఇంగ పిలవను. పోయిరా."

అంతే, ఆపేసింది. ఇమ్ము కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తల్లి వాణ్ణి లాగి కూర్చోబెట్టి, తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుంది.

వాడు కళ్లు తుడుచుకుని మిషన్ వైపు చూసి ఉలిక్కిపడ్డాడు. నొక్కాల్సిన బటన్ ఎవరూ నొక్కలేదు. నొక్కాల్సినవాడు చాప మీద పడుకుని ఉన్నాడు. ఇంత చేసి ఒక్క ముక్క కూడా రికార్డు కాలేదు. నేను నెత్తి కొట్టుకున్నాను.

"పెద్దమ్మా, కాళ్లు పట్టుకుంటా, ఇంగొక్కసారి చెప్పు" అన్నాడు. "పాట చివర పెడతా. అందరూ ఇంటారు."

వదిన అప్పటికే సంచి చంకకు తగిలించుకుంది.

"మళ్లీ ఎవురికి చెప్పేది నాయనా? వాడు పోయినాడు కదా" అంది.

ఓబులేష్ చచ్చిపోయి ఏడాది దాటింది. పోయినాడు అన్న మాట ఆమె నోట వినడం నాకు అదే మొదలు.