బావ తీసేసిన లింకులు

ఆ వీధిలో ఇనుమన్నది ఏది విరిగినా వెల్డింగ్ మేస్త్రి గుమ్మం తొక్కాల్సిందే. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన గేట్లు అతికేవాడు, మెట్ల పక్క కమ్ములు అతికేవాడు, పిల్లల ఉయ్యాలలు, కాలు విరిగిన కుర్చీలు, ఏదొస్తే అది. మేస్త్రి అతికితే పక్కన విరగాలి గానీ అతికిన చోట విరగదని జనం అనుకునేవారు. ఆ మాట చెవినపడినప్పుడు ఆయన విననట్టే ఉండి, భార్యతో మాత్రం, "ఏమన్నారో విన్నావా?" అని రెండుసార్లు అడిగేవాడు.

అలాంటి మనిషికి కుడికంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ వీధికి ఆ కబురు ఆయనకంటే ముందే చేరింది. షెడ్డు తెరిచి కూర్చుంటే, "ఇంకొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి మేస్త్రీ, తొందరేముంది!" అని మర్యాదగా పలకరించి, విరిగిన సామాను పట్టుకుని పక్క వీధి వెల్డర్ దగ్గరికి పోయేవారు. ఆయన గమ్మున లోపలికొచ్చి, బాగున్న సుత్తికే మళ్ళీ పిడి బిగిస్తూ కూర్చునేవాడు.

అప్పుడు వచ్చాడు బావ, అక్క మొగుడు. ఆయనకో పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఉంది. ఇద్దరే పడతారు, మూడో మనిషి సంగతి దేవుడెరుగు. "నాకు సవతి ఉందమ్మా, దానికి నాలుగు చక్రాలు" అని అక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ కారు మలుపు తిరిగినప్పుడల్లా వెనక భాగం ఒక పక్కకి జారుతోంది. మేస్త్రి కిందకి దూరి చూశాడు. వెనక ఇరుసుని అటూ ఇటూ కదలకుండా బండి అడుగుకి పట్టి ఉంచే ఇనుప చేతులుంటాయి, నాలుగు, వాటినే లింకులంటారు. నాలుగూ తుప్పు తినేసి, వేలితో గీకితే పెళ్ళలుగా రాలుతున్నాయి.

"బయట కొనుక్కో బావా. ఎక్కడో తయారు చేస్తున్నారట, తెప్పించుకోవచ్చు" అన్నాడు మేస్త్రి.

"ఇంట్లో మేస్త్రిని పెట్టుకుని ఊళ్ళో కొనుక్కుంటానా? నా బండికి నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తగలనివ్వను" అన్నాడు బావ.

ఆ మాటతో మేస్త్రి వెన్ను నిటారుగా అయింది. మందమైన పైపు తెచ్చాడు. పాత లింకుల కొలతలు తీసి, వాటికి సరిపడా ఒక ఇనుప చట్రం కట్టుకున్నాడు. రెండు పక్కలా లింకుల పొడవు ఒక్కలా లేకపోతే ఇరుసు వంకరబోతుంది మరి. పైపు చివర్లకి బోల్టు దూరే గుండ్రటి రింగులు, వాటినే కళ్ళంటారు, అతికి, వాటిలో అదురు తగలకుండా రబ్బరు బుష్‌లు దిగ్గొట్టాడు. భార్య పక్కనే నిలబడి కడ్డీలు అందించేది. ఆవిడ ఎప్పుడూ వెల్డింగు వైపు చూడదు, తల పక్కకి తిప్పుకుని వింటుంది. సరిగా పడితే నూనెలో వేగినట్టు ఒకటే చప్పుడు. తప్పితే చిటపటలు.

లింకులు బిగించే రోజున మేస్త్రి బండిని జాకీల మీంచి దింపి, బరువు చక్రాల మీద పడ్డాకే బోల్టులు ఆఖరిసారి బిగించాడు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చీలిపోతుంది. బావ బండెక్కి ఊరంతా ఒక చుట్టు చుట్టొచ్చి, నడివీధిలో ఆపి, అందరూ వినేలా అరిచాడు. "బావమరిది బతకకోరతాడని పెద్దలు ఊరికే అన్నారా? పట్టాలెక్కినట్టుందిరా బండి!"

అంతే, మేస్త్రి దశ తిరిగింది. బావ కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు, "ఆ వేగంలో నా ప్రాణం మా బామ్మర్ది అతుకుల మీదే ఉంది" అని. బావ ప్రాణం నిలిపిన చెయ్యి మన ఉయ్యాలలు అతకలేదా అనుకుని జనం మళ్ళీ రావడం మొదలుపెట్టారు. ఏడాది గడిచింది, ఇంకో ఏడాది గడిచింది. మేస్త్రి మళ్ళీ పాత మేస్త్రి అయ్యాడు. బండికి నూనె మార్చాల్సి వస్తే మాత్రం బావ, "నీకెందుకురా శ్రమ" అని ఇంకెక్కడికో తీసుకుపోయేవాడు. ఆ మాట కూడా ప్రేమే అనుకున్నాడు మేస్త్రి.

ఒక వానాకాలం బావకి నడుం పట్టేసి మంచం ఎక్కాడు. వాకిట్లో నిలబడిపోయిన కారు వెనక బ్రేకు పట్టేసింది. "ఒరే తమ్ముడూ, మీ బావా కదలడు, బావగారి బండీ కదలదు. ఒక్కదాన్నైనా పక్కకి నెట్టు, వాకిలి కడగాలి" అని అక్క కబురు పెట్టింది.

మేస్త్రి నవ్వుకుంటూ వెళ్ళి జాకీ పెట్టి, వెల్లకిలా పడుకుని కిందకి జరిగాడు. బ్రేకు వైపు పోవాల్సిన చెయ్యి లింకు దగ్గరే ఆగిపోయింది. రంగు తను వేసిన నలుపే. అతుకు తనది కాదు. చేప పొలుసుల్లా వరసలు, చివరిదాకా ఒకటే తీరు, యంత్రం వేసినవి. మనిషి వేసిన అతుకులో చెయ్యి ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకున్న జాగా కనిపిస్తుంది. నాలుగింటినీ వేలితో తడిమి చూశాడు. ఒక్కటీ తనది కాదు.

బ్రేకు వదులు చేశాడు. చేతులు కడుక్కున్నాడు. బావ మంచం పక్కన నిలబడ్డాడు.

"బావా, లింకులు మార్చావా?"

"ఏ లింకులు?"

"వెనకవి. నేను చేసినవి."

బావ గోడవైపు తిరగబోయాడు. నడుం కలుక్కుమని మధ్యలోనే ఆగాడు. "అదా... ఒకటేదో చప్పుడు చేస్తుంటేనూ..."

"నాలుగూ మారాయి బావా. ఎప్పుడు?"

"నువ్వు బిగించిన నెల తిరక్కుండానే."

"మరి ఇన్నాళ్ళూ నలుగురిలో చెప్పిందంతా?"

"నీ మంచికేరా. నిజంగా నమ్మే చేయించుకున్నాను. చెల్లెమ్మ ఏడుస్తూ వచ్చేసరికి..." బావ నాలిక్కరుచుకున్నాడు.

ఆ ఇంట్లో చెల్లెమ్మ అంటే మేస్త్రి భార్య. ఇంకెవరూ లేరు.

గుమ్మంలో అక్క చేతిలో కాఫీతో కొయ్యబారిపోయింది. "నాకు తెలీదురా తమ్ముడూ. నా నోట్లో నువ్వుగింజ నానదని నాకూ చెప్పలేదు వీళ్ళు!" అంది. బావ చెయ్యెత్తి చూపిస్తే ఆవిడే స్టూలెక్కి అటక మీంచి గోనెసంచి దించి ఇచ్చింది. పాత లింకులు అందులోనే ఉన్నాయి.

మేస్త్రి సంచి భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. భార్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. సంచి ఆవిడ కాళ్ళ దగ్గర దింపాడు. ఇనుము చప్పుడు వినగానే ఆవిడకి అర్థమైపోయింది.

"ఆఖరి లింకు అతికేటప్పుడు చప్పుడు తేడాగా వచ్చిందండీ. మీరు గమనించలేదు. అది గరుగ్గా ఉందని పైన నున్నగా అరగదీసి రంగేసేశారు. అన్నయ్య ఆ బండిలో ఎంత వేగంగా పోతాడో మీకూ తెలుసు. ఏం చెయ్యమంటారు?"

"నాకు చెప్పాలి."

"చెబితే మళ్ళీ వెల్డింగు ముసుగు పట్టుకునేవారా? అప్పటికే మనిషి సగమైపోయారు. అన్నయ్య మెచ్చుకున్నాక అన్నం సయించింది మీకు."

"సరే. బావ ప్రాణం దక్కించావు, నా అన్నం దక్కించావు. మరి ఆ ఉయ్యాల? మెట్ల కమ్ములు? అవన్నీ ఇదే చేత్తో అతికానుగా. వాళ్ళెవరికీ ప్రాణాలు లేవా?"

"ఉయ్యాల అతికేటప్పుడు దగ్గరే ఉన్నాను. బాగానే పడింది."

"అన్నిటికీ ఉన్నావా?"

తడిచీర చేతిలోనే ఉండిపోయింది. "అన్నిటికీ ఎలా ఉంటానండీ" అంది ఆవిడ.

ఆయన షెడ్డులోకి వెళ్ళి, లింకులు ఒక్కొక్కటే బల్లకి బిగించి, అతుకులన్నీ అడ్డంగా కోశాడు. మూడింటిలో లోపలిదాకా ఒకటే మెరుపు, ఎక్కడ పైపో ఎక్కడ కన్నో తెలియనంతగా కరిగి కలిసిపోయాయి. నాలుగోదాని ఒక చివర మాత్రం వెంట్రుకంత నల్లగీత అడుగుదాకా ఉంది. ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే కన్ను ఊడి నేల మీద దొర్లింది.

పొరపాటు తనదేనని ఒప్పుకోవడానికి ఆయనకి క్షణం పట్టలేదు. ఒక పూట పని, ఇంకొకటి చేసి ఇచ్చేవాడు. మనసు విరిగింది అందుకు కాదు. డాక్టరు పొర తీసిన కంటికి సొంత మనుషులిద్దరూ కలిసి గంత కట్టారు. ఆ మెప్పుతో తను ఛాతీ విరుచుకుని తిరుగుతుంటే, వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉంటారు. ఎన్నిసార్లు చూసుకున్నారో! భోజనాల దగ్గర తను ఆ లింకుల గురించి చెప్పిందే చెబుతుంటే ఆవిడ తలొంచుకుని ఇంకాస్త వడ్డించిన రోజులన్నీ గుర్తొచ్చాయి.

మర్నాడు పొద్దున్నే పక్క వీధి వెల్డర్ దగ్గరికి వెళ్ళాడు. "నా పనులన్నీ నీ కంటితో ఒకసారి చూడాలి" అన్నాడు. ఆ వెల్డర్ వేళాకోళం చెయ్యబోయి, ఆయన మొహం చూసి మానేశాడు. ఏ ఇంట్లో ఏం అతికాడో భార్యకి గుర్తుంది. పిలవకపోయినా చెప్పులేసుకుని వెనకాలే నడిచింది. ఉయ్యాల గట్టిగానే ఉంది. గేట్లు బాగున్నాయి. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇంట్లో మాత్రం, మేడమెట్ల కమ్మి సుత్తి తగలగానే ఊడి చేతిలోకొచ్చింది.

"అయ్యో, రోజూ దాన్ని పట్టుకునే దిగుతున్నా నాయనా!" అంది ఆవిడ.

మేస్త్రి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. కమ్మిని పక్క వీధి వెల్డరే అతికాడు.

పని మానలేదు ఆయన. ముసుగులో భూతద్దం పెట్టించుకున్నాడు. రోజూ ముందుగా ఒక ముక్క అతికి, కోసి చూసుకుని గానీ ఎవరి సామానూ ముట్టుకోడు. భార్యతో మాట్లాడతాడు, ఆవిడ పెట్టింది తింటాడు. కడ్డీలు మాత్రం తనే వంగి తీసుకుంటాడు. ఎవరైనా "బాగా చేశారు మేస్త్రీ" అంటే అది ఆయన చెవికెక్కదు. "మీరు కాదు, ఇది చెప్పాలి" అని సుత్తి తీసి, వాళ్ళ ముందే అతుకు మీద గట్టిగా నాలుగు దెబ్బలు వేస్తాడు.

నడుం కుదుటపడ్డాక బావ ఎర్ర కారులో వచ్చాడు. షెడ్డు ముందు ఆపి, దిగకుండానే అన్నాడు. "కొత్తవి నాలుగు చెయ్యరా. ఈసారి నీవే వేసుకుంటా. ఒట్టు."

"కొన్నవి బాగానే ఉన్నాయి బావా. కిందకి దూరి చూశానుగా. మంచి పని."

"ఇంకా కోపమేనా?"

"కోపమేముంది. నిజం చెబుతున్నా."

వంటింటి గుమ్మంలోంచి మేస్త్రి భార్య, "అన్నయ్యా, లోపలికి రండి, కాఫీ పెడతాను" అంది. బావ బామ్మర్ది వైపు చూశాడు. మేస్త్రి అప్పటికే ఆ పూట అతికిన ముక్కని బిగించి, కోసి చూడటానికి రంపం అందుకున్నాడు.